జపాన్ మెడ స్టెప్పు

ఆ రోజుల్లో మాకు తెలివి లేదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. తెలివి ఉండేది, వాడే తీరిక లేదంతే. ఇంటర్ తప్పి, జుట్టు పెంచి, బ్యాగీ ప్యాంటు కుట్టించుకుని (కొలతలు తీసుకుంటూ దర్జీ "ఇంకెవరన్న గూడ తొడుక్కుంటరా?" అని అడిగాడు) గల్లీ చివర నిలబడటానికే పొద్దు చాలేది కాదు. ఇదంతా ఇప్పుడెందుకు గుర్తొచ్చిందంటే, మొన్న మా మనవరాలు సెల్‌ఫోన్ నా మొహం ముందు పెట్టి, "తాతా, గీ జపాన్ కార్టూన్ల ర్యాప్ సూడు, మస్తుంటది" అంది. చూశాను. పళ్లేలంత కళ్లు, ముళ్లపంది జుట్టు ఉన్న పిల్లవాడొకడు, తరుముకొస్తున్న కుక్కకు సంజాయిషీ చెప్పుకుంటున్నట్టు చేతులూపుతూ గబగబా వాగుతున్నాడు. ఏమంటున్నాడని అడిగితే మనవరాలు కింద అక్షరాలు చదివి చెప్పింది: వాడంతటి మొనగాడు లేడని వాడే చెప్పుకుంటున్నాడట! మా ఎనుమాముల మార్కెట్లో మిర్చి వేలం పాడేవాళ్లు ఇంతకంటే వేగంగా అరుస్తారు. ఆ అరుపుకు చివరికి ఒక బస్తా అయినా కదులుతుంది. వీడి అరుపుకు వీడి దవడ తప్ప ఏదీ కదల్లేదు. అయినా జపాన్ ర్యాప్ గురించి నాకు ఒకరు చెప్పాలా? దాని చేతిలో వరంగల్ మొత్తంలో మొట్టమొదట దెబ్బ తిన్నవాణ్ని నేనే.

ఎనభైల నడుమ మాట. మట్టెవాడలో ఒకాయన వీడియో క్యాసెట్ల దుకాణం పెట్టాడు. అందరికీ ఆయన వీడియో చిచ్చా. దుకాణం వెనక గదిలో టీవీ, వీసీఆర్, నాలుగు బెంచీలు. ఆయన బావమరిది దుబాయి నుంచి తెచ్చిన సామానులో పేరూ ఊరూ లేని నల్ల క్యాసెట్ ఒకటి వచ్చింది. అది జపాన్ కార్టూన్. కథ చిచ్చాకూ తెలియదు, మాకూ తెలియదు. (తీసినవాళ్లకైనా తెలుసా అని నాకు ఇప్పటికీ అనుమానమే.) కానీ మధ్యలో ఒక సీను ఉంది. పెద్ద పట్నం, రోడ్డు మీద అట్టలు పరిచి ఇనుప మనుషులు వీపు మీద గిరగిరా తిరుగుతుంటారు. పక్కన ఒక పిల్లవాడు ఊపిరి తీసుకోకుండా జపాన్ భాషలో దంచేస్తుంటాడు. దాన్ని ర్యాప్ అంటారని మాకేం తెలుసు? మేం 'జపాన్ లొల్లి' అనేవాళ్లం. అంతవరకైతే మామూలే. ఉన్నట్టుండి ఆ ఇనుప మనుషుల తలలన్నీ ఒక్కసారి కుడివైపుకి సాగిపోయి గజగజా వణికేవి. భుజాల కింద ఏమీ కాదు, మెడ నుంచి పైకే. సరిగ్గా అప్పుడే ఆ పిల్లవాడి గొంతు కూడా సాగి సాగి ఈనబోయే బర్రె మూలుగులా మారేది. మళ్లీ మరుక్షణం ఏమీ జరగనట్టు అందరూ మామూలైపోయేవారు.

"అరే, అసలు కళ గీడనే ఉన్నది బై!" అన్నాడు బక్కోడు. వీడు నా నేస్తం. ఈలపీటంత మనిషి, మాటలు మాత్రం కోటలు దాటేవి. నాకూ అదే అనిపించింది. వీపు మీద ఎవడైనా తిరుగుతాడు, మెడ ఒక్కదాన్నే పక్కకు సాగదీయడం జపాన్ వాడికే చెల్లింది. (వెనక మేడలు కూడా కుడివైపే వంగేవి. జపాన్‌లో భూకంపాలు ఎక్కువని సోషల్ సారు చెప్పాడు కదా అని సరిపెట్టుకున్నాం.) బక్కోడు టేప్‌రికార్డర్ తెచ్చి టీవీకి ఆనించి ఆ సీను మొత్తం రికార్డు చేశాడు. నడుమ వీడియో చిచ్చా దగ్గు కూడా పడింది. దాన్ని తుడిచేయడం చేతగాక తాళంలో కలుపుకున్నాం. దగ్గు రాగానే మెడ.

మా నాయిన జంపఖానాలు నేసేవాడు. ఇంట్లో ఎదురెదురుగా రెండు గుంట మగ్గాలు, నేలలో తవ్విన గుంటలో కాళ్లు పెట్టుకుని నేసేవి. ఒకదాంట్లో ఆయన, రెండోది నా కోసం కాచుకుని కూర్చున్న ఖాళీ గుంట. నేను అద్దం ముందు మెడ సాగదీస్తుంటే రెండు రోజులు చూసి, మూడో రోజు అడిగాడు.

"మెడ పట్టిందారా? దవాఖానకు పోదామా?"

"గిది డ్యాన్సు నాయినా. జపాన్ది. నేను బొంబాయి పోత. సిన్మలల్ల ఎగురుత."

పోగుల మధ్య అటూ ఇటూ విసిరే నాడె ఆపలేదు, నా వైపు చూడలేదు. "బొంబాయి దాక ఎందుకురా? వచ్చే వారం మన సంఘం మీటింగున్నది గద, నలుగురి ముందట ఆడనే ఎగురు. వాళ్లు మెచ్చితే బొంబాయికి నేనే రైలెక్కిస్త. నవ్విన్రనుకో, తెల్లారి అచ్చి గీ గుంటల కూసోవాలె. మల్ల బొంబాయి ముచ్చట ఎత్తద్దు."

నేత సంఘం వార్షికోత్సవం అంటే మా బంధుబలగమంతా అక్కడే. నాకేం భయం వేయలేదు. భయపడటానికి కూడా కాస్త తెలివి వాడాలి కదా.

మీటింగు సాయంత్రం అధ్యక్షుడి ప్రసంగం, నూలు ధరల మీద పోట్లాట అయ్యాక మమ్మల్ని పిలిచారు. వేదిక మీద మా వాళ్లు నేసిన జంపఖానాలే పరిచారు. మొదటి వరుసలో నాయిన, తువ్వాల భుజాన వేసుకుని, కోర్టులో కూర్చున్నట్టు కూర్చున్నాడు. టేప్ మోగింది. నేను ఆ జపాన్ లొల్లిని కంఠతా పట్టాను, ఒక్క ముక్కకు అర్థం తెలియకపోయినా ఒక్క ముక్క పొల్లుపోకుండా వదిలాను. బక్కోడు వీపు మీద తిరగబోయాడు. జపాన్ వాడి అట్ట వేరు, మా నాయిన జంపఖానా వేరు. అది వాణ్ని తిరగనివ్వకుండా తనే వాడి చుట్టూ చుట్టుకుంది. చాపలో చుట్టిన మనిషిలా వాడు లోపల్నుంచే కాళ్లాడించాడు. ఇంతలో టేపులో దగ్గు వినిపించింది. నేను మెడ అందుకున్నాను. కుడికి సాగదీసి, వణికించి, బర్రె మూలుగు మూలిగి, మళ్లీ టక్కున మామూలయ్యాను. సభ దద్దరిల్లింది! చప్పట్లు, ఈలలు. "మల్లొక్కసారి, మల్లొక్కసారి!" అన్నారు. మళ్లీ చేశాను. కళ్ల ముందు బొంబాయి రైలు కూత పెట్టింది.

అప్పుడు వెనక వరుసలోంచి ఒక మనిషి లేచి నిలబడ్డాడు. వీడియో చిచ్చా.

"అరె, గా దగ్గు నాది!" అని అరిచాడు. సభంతా అటు తిరిగింది. చిచ్చా ముందుకొచ్చి నన్ను ఎగాదిగా చూసి, జాలిపడి, అందరికీ వినపడేట్టు అసలు సంగతి చెప్పాడు. "గది స్టెప్పు గాదు బేటా! గాడ నా క్యాసెట్ నలిగింది. టేప్ నలిగితే బొమ్మ మీది సగం గట్లనే పక్కకు గుంజుతది, ఆవాజ్ సాగుతది. ఖరాబైన క్యాసెట్ సూసి డ్యాన్సు నేర్చినవా నువ్వు?"

ఆ తర్వాత వచ్చిన నవ్వుంది చూశారూ, అంత నవ్వు నేను మళ్లీ ఏ సినిమా హాల్లోనూ వినలేదు. నూలు ధరల మీద కొట్టుకున్నవాళ్లు కూడా ఒకరి భుజం మీద ఒకరు పడి నవ్వారు. నాయిన మొహం మాత్రం తువ్వాల చాటున ఉంది. సిగ్గుతో దాచుకున్నాడనుకుని, నేను వేదిక వెనక నుంచే ఇంటికి పారిపోయాను. రాత్రి అన్నం దగ్గర ఆయన ఒక్కటే అడిగాడు. "జంపఖాన ఏమన్న చినిగిందారా?" లేదన్నాను. "మంచిగనే నేసిన్లే" అని చేయి కడుక్కున్నాడు.

తెల్లారి మాట ప్రకారం గుంటలో దిగాను. ఎదురు మగ్గంలో నాయిన తల వంచుకుని నేస్తున్నాడు. నా నూలు పదే పదే తెగుతోంది, ఆయన తిట్టడం లేదు, అది ఇంకా బాధగా ఉంది. కాసేపటికి మగ్గం చప్పుడు ఆగింది. తలెత్తి చూశాను. నాయిన దగ్గాడు. తర్వాత ఆయన మెడ మెల్లగా కుడికి సాగింది, గజగజా వణికింది, గొంతులోంచి అచ్చం ఆ బర్రె మూలుగు వచ్చింది. ఇక ఆపుకోలేక ఆయన పడుగు దారాల మీద వాలిపోయి పగలబడి నవ్వాడు. నాయిన అలా నవ్వగా చూడటం నాకు అదే మొదటిసారి. నాకూ నవ్వొచ్చింది. నవ్వుతూ ఏడ్చాను కూడా. బొంబాయి రైలు ఆ నవ్వుల్లోనే ఎటో వెళ్లిపోయింది, దాని వెనక పరుగెత్తాలని నాకనిపించలేదు.

ఇంతకీ మొన్నటి ఫోన్ సంగతి. ఆ ముళ్లపంది పిల్లవాడు వాగుతూ వాగుతూ ఉండగా బొమ్మ పక్కకు సాగింది, వణికింది, గొంతు బర్రె మూలుగైంది. "ఫోన్ ఖరాబైందా?" అన్నాను. "కాదు తాతా, గది స్టైల్. కావాలనే గట్ల చేస్తరు" అంది మనవరాలు. ఇన్నేళ్లకు జపాన్ వాడు మట్టెవాడ దాకా వచ్చాడన్నమాట, అదీ ఆలస్యంగా! రోషం వచ్చి లేచాను. దగ్గి, మెడ కుడికి సాగదీశాను. సాగింది గానీ వెనక్కి రాలేదు. మనవరాలు కేకేస్తే మా ఆవిడ నొప్పుల మందు పట్టుకొచ్చి, నా మెడ రుద్దుతూ అంది. "నలిగిన క్యాసెటాయె. జర మెల్లగ తిప్పుకోవద్దా?"