బాగలూరు గులాబీలకు చిలకరింపు మాన్పించిన దుర్గాదేవి

హోసూరు బజారువీధిలో సరుకుల అంగడి నడిపే ఇంట్లో పుట్టిన దుర్గాదేవి, బాగలూరు దగ్గర ఒక గులాబీల కంపెనీలో మేనేజరు. మనిషి అయిదడుగులు కూడా ఉండదు. ఆమె ఒకసారి చూస్తే చాలు, లారీలు వాటంతటవే వెనక్కి నడిచి షెడ్డుకు ఆనుకుంటాయని నేను చాలామందికి చెప్పాను. సగం మంది నమ్మారు. ఇప్పుడు చెప్పేదాన్ని మాత్రం పెంచి చెప్పక్కర్లేదు.

యజమాని ఉమాశంకర్, ఇకమీదట పూలు బజారుకు కాదు, సింగపూరు హోటళ్ళకే అని తీర్మానించాడు. తీర్మానం బాగానే ఉంది, మొదటి లోడు పూలే దారిలో కుళ్ళిపోయాయి. రెండో లోడుకూ అదే గతి. మూడోది కూడా చెడితే ఇక కొనమని అక్కడివాళ్ళు రాశారు. అంటే షెడ్డు మూత, నలభై మంది ఆడవాళ్ళు ఇంటికి.

దుర్గాదేవి ఒక రోజంతా ప్యాకింగు బల్ల దగ్గర కూర్చుని తనూ పూలు కట్టింది. ముప్పై ఏళ్ళు బజారుకు బంతీ చామంతీ కట్టిన మద్దమ్మ, పెట్టె మూసేముందు చెంబులో వేళ్ళు ముంచి పూలమీద చిలకరించడం మధ్యాహ్నానికి కంటబడింది.

"ఏం మద్దమ్మా, నీళ్ళు చల్లొద్దని చెప్పినాము గదా?"

"చల్లకుండా పువ్వును యాడికి పంపేదమ్మా? మొగం కడగని బిడ్డను పెండ్లికి పంపినట్ల గాదా!"

అందరూ నవ్వారు. అందరి పక్కనా చెంబులున్నాయి.

"ఆమెను పనిలోనించి తీసెయ్యమ్మా" అన్నాడు సంగతి విన్న ఉమాశంకర్.

"ఒకామెను తీస్తే ఇంకా ముప్పై తొమ్మిది చెంబులుంటాయి సార్."

మరునాడు మద్దమ్మ చేతనే రెండు పెట్టెలు కట్టించింది, ఒకటి తడిపి, ఒకటి పొడిగా. అయిదు రోజులు చల్లగదిలో ఉంచి అందరి ముందూ తెరిపించింది. పొడి పెట్టెలో పూలు పెట్టినట్టే ఉన్నాయి, తడి పెట్టె నిండా బూజు.

"అయ్యో, నా చేత్తోనే చంపినానే!" అంది మద్దమ్మ.

ఆ రోజునుంచి కాడలు నిలబెట్టే బకెట్లలో తప్ప షెడ్డులో నీళ్ళు లేవు. ఎక్కువ పెట్టెలు కట్టినవాళ్ళకిచ్చే బహుమతి చెడని పెట్టెలు కట్టినవాళ్ళకు మారింది. అన్నిటికంటే వింత, మద్దమ్మ ఒప్పుకోనిదే పెట్టె కదలకూడదని కాగితం రాయించి యజమాని సంతకం తీసుకుంది. తడి సంగతి ఆమెకంటే ఎవరికి తెలుసు?

మూడో లోడు రోజు లారీ ఇంజను ఆపకుండా నిలబడి ఉంది. మద్దమ్మ ఒక్కొక్క మూత తీసి పూలకు చెంప ఆనించి చూస్తూ, పదకొండు పెట్టెలను పక్కకు తోసింది.

"బాగానే ఉండాయి గదా, ఎక్కించండి! టైమైపోతా ఉంది!" అని ఉమాశంకర్ అరిచాడు.

"లోపల చెమట పట్టినాయి సామీ. పంపను."

షెడ్డంతా చేతులు ఆపేసింది. ఆయన దుర్గాదేవి వైపు తిరిగాడు.

"మీరు సంతకం పెట్టిన మాటే సార్" అందామె, మెల్లగా.

లారీ ఆ పదకొండూ లేకుండానే పోయింది. ఇక్కడ మిగిలినవాటికి నాలుగోరోజే బూజు పట్టింది. ఆ చెంపకు తెలిసింది ఏ యంత్రానికి తెలుస్తుందో నాకు తెలియదు. తప్పు చేసిన మనిషిలోనే ఆ విద్యను చూసిన దుర్గాదేవిని తలుచుకుంటే మరీ ఆశ్చర్యం.

ఆ వారమే సింగపూరు నుంచి కబురొచ్చింది. ఒక్క పువ్వూ చెడలేదు, వారం వారం పంపమన్నారు.

"వచ్చే వారం ఎన్ని పెట్టెలు ఒప్పుకుందాము?" అని ఉమాశంకర్ అడిగాడు.

"మద్దమ్మను అడగండి సార్."

ఆయన అడగడానికే షెడ్డులోకి నడిచాడు.