రెండు పెట్టెల్లో ఒక్క మనిషి

ఊరేగింపులు, కాల్పులు అయిపోయి కాలేజీలకు తాళాలు పడ్డ ఏడాది, నాకు బర్మా రాజధానిలో, చౌక్తడా పేటలోని ఒక పరిశోధన గ్రంథాలయంలో పని దొరికింది. విదేశీ పత్రికలు రావడం ఆగిపోయింది. ఎవరి వ్యాసాన్ని ఎవరు ఉదహరించారో చెప్పే విదేశీ సూచికల్లో మా దేశపు పత్రికలు ఎలాగూ ఉండవు. మన లెక్క మనమే రాసుకోవాలంది మా గ్రంథాలయాధికారిణి, అరవైకి దగ్గరపడ్డ పెద్దావిడ. ప్రతి వ్యాసం చివరా ఉన్న ఉదహరింపులకు ఒక్కోదానికి ఒక్కో చీటీ. ఎవర్ని ఉదహరించారో వాళ్ళ పేరు అచ్చులో ఎలా ఉంటే అలాగే, గౌరవ పదంతో సహా రాసి, అక్షర క్రమంలో పెట్టెల్లో పెట్టాలి. నోరు విప్పక్కర్లేని పని. నాకు హాయిగా ఉండేది.

పై అంతస్తులో ఒక మేడం బోటాటౌంగ్ పేట బావినీళ్ళ మీద పరిశోధన చేసేది. ఆ పరిశోధన ఎవరికైనా పనికొచ్చిందని చూపించకపోతే ఆవిడ గది ఖాళీ చేయిస్తామని కమిటీ కబురు పంపింది. మర్నాడు పదింటికల్లా ఆవిడ వ్యాసాల్ని ఉదహరించినవాళ్ళ జాబితా కావాలి. ఆవిడ పేరుకు ముందు ‘డో’ అనే గౌరవ పదం ఉంటుంది కాబట్టి ఆ పెట్టె వెతికాను. రెండే చీటీలు.

“ఇన్నేళ్ళకి ఇద్దరా? పోనీలే అమ్మాయ్, నీళ్ళు తాగేవాళ్ళు వ్యాసాలు రాయరు కదా!” అని నవ్వింది మేడం. ఆ నవ్వు చూడలేక తల దించుకున్నాను.

కర్ఫ్యూ వల్ల మూడింటికే ఇల్లు చేరాను. అన్నం కెలుకుతూ కూర్చుంటే అమ్మ ఊరుకోలేదు.

“ఏటే, కూర బాగోలేదా? మొకం అలగెట్టినావేటి?”

నేను చెప్పేలోపే పక్కింటి బర్మా ముసలాయన గుమ్మంలోంచి అమ్మను ‘డో’ అని పిలిచి, అగ్గిపెట్టె అడిగి తీసుకుపోయాడు. అమ్మ మూతి తిప్పింది.

“సూసినావా? నిన్నమొన్నటిదాకా ‘మా’ అనీవోడు. అప్పుడే ముసల్దాన్నయిపోనానేటే?”

ముద్ద చేతిలోనే ఆగింది. వయసులో ఉన్నంతకాలం ‘మా’, పెద్దరికం వచ్చాక ‘డో’. మేడం ఆ బావుల మీద రాసింది వయసులో ఉన్నప్పుడు. చూసింది చూసినట్టు రాసిన నేను, ఆవిడ చీటీలు వేరే పెట్టెలో వేసేశాను!

తెల్లారగానే బస్సెక్కాను. ‘మా’ పెట్టెలో పదకొండు చీటీలు. పత్రికలు తీసి చూస్తే అవే వీధులు, అవే బావులు. మింగళాడోన్‌లో ఒక వైద్యుడు ఆవిడ వ్యాసం చదివి రెండు బావులు మూయించానని రాశాడు.

“ఒక మనిషిని రెండు ముక్కలు చేశావు కదే! అయినా అలా రాయమంది నేనేలే. పద, కమిటీకి నువ్వే చెప్పు” అంది పెద్దావిడ.

కమిటీ ముందు నిలబడి రెండు పెట్టెల సంగతి ఒక్క గుక్కలో చెప్పేశాను. బల్ల అవతల కళ్ళజోడాయన నవ్వాడు. “మా ఇంటావిడా మొన్ననే డో అయింది. నాతో మాట్లాడటం లేదు. సరే, గది ఉండనివ్వండి.”

మేడం మొత్తం చీటీలు ఎన్నని అడగలేదు. మింగళాడోన్ వ్యాసం ఇమ్మని తీసుకుని, తన గది కిటికీ దగ్గర నిలబడి రెండుసార్లు చదువుకుంది. ఆ మధ్యాహ్నం నేను అమ్మను అడిగి మరీ మారు అన్నం పెట్టించుకున్నాను.