గ్రేసిని ఒక్కసారే అడిగిన గారెలు

చదువుకోవడానికి వచ్చే వారం ఐర్లండ్ వెళ్తున్న మా స్నేహితుల అమ్మాయి గ్రేసి, చెప్పి వెళ్దామని ఈ సాయంత్రం మండవల్లి నుంచి మా ఇంటికి వచ్చింది. మా అమ్మాయి అక్కడికి వెళ్ళిన కొత్తలో, ఎవరింట్లోనో భోజనం చేస్తావా అంటే మర్యాదకి వద్దందట. వాళ్ళు మళ్ళీ అడగలేదు. పాపం, ఆకలితోనే తిరిగొచ్చింది. మన వైపు మూడుసార్లు బతిమాలితే గానీ పళ్ళెం ముట్టుకోం కదా.

"అక్కడ ఒక్కసారే అడుగుతారమ్మా. వెంటనే సరే అనెయ్," అని చెప్పి మా ఆవిడ గారెలు తెచ్చింది.

"వద్దండీ, ఇప్పుడే తిని వచ్చాను," అంది గ్రేసి.

మా ఆవిడ మళ్ళీ అడగకుండా పళ్ళెం తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. గ్రేసి మొహం చిన్నబోయింది.

కాసేపటికి, "ఆంటీ, రెండు తింటానండీ," అంది.

పళ్ళెం వెంటనే వచ్చింది. ఆవిడ వంటింటిదాకా వెళ్ళనేలేదు, తలుపు చాటునే నిలబడి ఉంది.

అలా నిలబడేవాళ్ళు ఐర్లండ్‌లో ఎవరైనా ఉంటారంటారా? ఉంటే కాస్త చెప్పండి.