తువాలు కింద కుదిరిన గోల్ఫ్ కట్టెలు

ఆ రోజులంటే మరీ తాతముత్తాతల కాలం కాదు లెండి. చేతికి సెల్‌ఫోనూ, మెడకు కంపెనీ కార్డూ అప్పటికే వచ్చేసిన రోజులే. కానీ మొదటి ఉద్యోగంలో మొదటి ఏడాది ఉంటుంది చూశారూ, అది నిన్నమొన్న గడిచినా ఎప్పటిదో పురాణంలా ఉంటుంది. అప్పుడు నాకు తెలియని విషయం ఈ భూమ్మీద లేదు (అని నా గట్టి నమ్మకం). ఇంటికి రాగానే ప్రపంచం ఎలా నడుస్తుందో నాయనకు పాఠం చెప్పేదాన్ని. ఆయన గొర్రెపిల్లకు మందు తాగిస్తూ "అట్లనా పాపా!" అని ప్రతిసారీ ఆశ్చర్యపోయేవాడు. ఇప్పుడు తల్చుకుంటే సిగ్గూ వేస్తుంది, ఆ ధీమా మీద ముచ్చటా వేస్తుంది.

మా ముదిగుబ్బ నుంచి బస్సులో పోయి వచ్చేంత దూరంలో, కార్ల విడిభాగాలు చేసే ఫ్యాక్టరీలో నేను ఇంజనీరును. అక్కడి పెద్దసారు పరదేశం మనిషి, గోల్ఫ్ అంటే ప్రాణం పెట్టేవాడు. మనూళ్ళో వానకే దిక్కులేదు, ఇక పచ్చిక ఎక్కడి నుంచి వస్తుంది? అయినా ఆయన వెనక్కి తగ్గలేదు. ఫ్యాక్టరీ వెనక బీడులో రాళ్ళు ఏరించి, ఎర్రమట్టి చదును చేయించి, అక్కడక్కడా జెండాలు పాతించి అదే మైదానం అన్నాడు. ఆదివారాలు కోచ్ వస్తాడనీ, సొంత గోల్ఫ్ కట్టెలు తెచ్చుకున్నవాళ్ళెవరైనా నేర్చుకోవచ్చనీ నోటీసు పెట్టించాడు. నేను అందరికంటే ముందు పేరిచ్చాను. మా సెక్షన్‌లో ఒక సీనియర్ ఉండేవాడు. రోహిణి ఎండలో కూడా టై విప్పడు, అందుకని మేమంతా టైబాబు అనేవాళ్ళం. ఆయన క్యాంటీన్‌లో పదిమంది వినేలా, "గొర్రెలు కాసేవాళ్ళమ్మాయికి గోల్ఫ్ దేనికండీ? బంతి పోతే గొర్రె మేసిందంటుందేమో!" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వినట్టు నటించి, చెయ్యి కడుక్కునే చోటికి పోయి ముఖం కడుక్కున్నాను.

ఇంటికొచ్చి చెబితే నాయన లేచి పోయి గొర్రెల దొడ్డి తడిక బిగించి వచ్చాడు. తర్వాత "కట్టెలెంత పలుకుతాయంట?" అన్నాడు. ఫోన్‌లో కొత్త సెట్టు ధర చూపించాను. "ఓయమ్మా! ఈ దుడ్లకి మంచి గొర్లు పట్టుకొస్తే పిల్లలన్నా పెడతాయి. ఈ కట్టెలేం పెడతాయి పాపా?" అన్నాడు. నా జీతంలో మిగిలింది చూస్తే ఆ సెట్టుకున్న సంచీ కూడా వచ్చేట్టు లేదు. పాత సామాన్లు అమ్మే యాప్‌లో వెతగ్గా వెతగ్గా బెంగళూరులో ఒక రిటైరైన మిలిటరీ ఆయన తన సెట్టు అమ్ముతున్నాడని తెలిసింది. నాయన తువాలు దులిపి భుజాన వేసుకున్నాడు. "పద. బేరం నాకొదిలెయ్. నువ్వు నోరు తెరిస్తే వాడు ధర పెంచుతాడు."

ఆ మిలిటరీ తాత మీసాలు చూసి నాకు భయమేసింది కానీ, నాయనకు మనుషుల మీసాలతో పనిలేదు. ఆయన కళ్ళు సరుకు మీదే. సంతలో పొట్టేలును చూసినట్టే ఒక్కో కట్టెనూ చూశాడు. తలకాయ తట్టాడు, మెడ నిమిరాడు, ఎండకు పట్టి వంకర ఉందేమో చూశాడు. చివరికి రెండు చేతులా పట్టుకుని గాలిలో విసిరాడు. "చేతికి బో కుదిరిందమ్మా, నాకోసమే చేసినట్టుండాది" అన్నాడు. మిలిటరీ తాత ముఖం వెలిగిపోయింది. "మీ నాన్నగారు ఎన్నాళ్ళ నుంచి ఆడుతున్నారు?" అని ఇంగ్లీషులో నన్నడిగాడు. ధర పెంచడానికి పొగుడుతున్నాడనుకుని, "ఇప్పుడే మొదలు సార్" అన్నాను గడుసుగా. నేనూ ఒక కట్టె పట్టుకుని చూశాను. ఏదో వింతగా అనిపించింది. అయితే నాకు గోల్ఫే వింత, అందులో ఏ వింత దేనిదో ఎట్లా తెలుస్తుంది?

అప్పుడు నాయన చేసిన పనికి నేను సోఫాలోకి కూరుకుపోయాను. మా గొర్రెల సంతలో ధర నోటితో చెప్పరు. పక్కవాడికి తెలియకుండా తువాలు కింద ఒకరి వేళ్ళు ఒకరు నొక్కి బేరమాడతారు. నాయన భుజం మీది తువాలు తీసి మిలిటరీ తాత ముందు తెరలా పట్టి, కింద నుంచి తన చెయ్యి దూర్చాడు! ఆ తాత ఉలిక్కిపడి ముందుకు చాపింది ఎడమ చెయ్యి. నాయన ముఖంలో అంత వెలుగు నేనెప్పుడూ చూడలేదు. ఎందుకంటే మా నాయనది రొడ్డ చెయ్యి, అంటే పుట్టుకతోనే ఎడమచేతి వాటం. చిన్నప్పుడు ఆ చేత్తో ముద్ద ఎత్తితే అవ్వ దాన్ని తాడుతో మంచం కోడుకు కట్టేసేదట. సంతలో ఆ చెయ్యి చాపితే బేరం చెడిపోతుందని తిట్టేవాళ్ళట. అట్లాంటిది ఇంత పెద్ద బంగళాలో ఇంకొక రొడ్డ చెయ్యి ఎదురొచ్చింది. తువాలు కింద ఏం జరిగిందో దేవుడికే తెలియాలి. ఆ తాతకు మన వేళ్ళ లెక్క తెలియదు కదా, ఏదో తోచినట్టు నొక్కి ఉంటాడు. నాయన మాత్రం "ఖాయం!" అని తువాలు లాగేసి నోట్లు చేతిలో పెట్టాడు. తాత ఆ నోట్లనూ తువాలునూ మార్చి మార్చి చూసి, కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వి, సంచీతో పాటు పాత బంతులు కూడా ఇచ్చేశాడు. "కొసరు లేకుంటే అది బేరమెట్లయితాది సార్!" అన్నాడు నాయన తెలుగులోనే. ధరెంత అని బస్సులో ఎంత అడిగినా చెప్పలేదు. "తువాలు కింద మాట తువాలు కిందే ఉండల్ల పాపా."

ఆదివారం పొద్దున ఆ సంచీ భుజాన వేసుకుని జిల్లా గెలిచినదానిలా నడిచి పోయాను. కోచ్ ఒక కట్టె బయటికి తీసి, తిప్పి చూసి, "మేడమ్, మీది లెఫ్ట్ హ్యాండా?" అన్నాడు. గోల్ఫ్ కట్టెలకు కుడీ ఎడమా ఉంటాయని, ఎడమచేతి వాటం వాళ్ళ కట్టెకు ముఖం రెండో వైపు ఉంటుందని, కుడిచేతివాళ్ళకు అది దేనికీ పనికిరాదని నాకు తెలిసింది ఆ క్షణంలోనే. ఆ పక్కనే టైబాబు ఒళ్ళంతా చెవులు చేసుకుని నిలబడ్డాడు. నిజం చెబితే రేపు క్యాంటీన్‌లో కథ ఎట్లా నడుస్తుందో నా కళ్ళముందే ఆడింది: గొర్రెల బేరగాడు, తువాలు, తప్పుడు కట్టెలు. నన్ను చూసి నవ్వితే పడతాను. మా నాయనను చూసి నవ్వితే పడను. "అవును సార్, నాది రొడ్డ చెయ్యే" అన్నాను. "మరి సంతకం కుడిచేత్తో పెడతారు కదండీ?" అన్నాడు టైబాబు. "మా అవ్వ తాడుతో మంచానికి కట్టేసి మార్పించింది" అన్నాను తడుముకోకుండా. అట్లా నాయన కొన్న కట్టెలతో పాటు నాయన చిన్నతనం కూడా నాదైపోయింది.

ఇక చూడండి నా పాట్లు! ఎడమ వాటంగా నిలబడితే కాళ్ళు ఒకవైపు, నడుము ఒకవైపు. కొడితే మట్టి లేచేది కానీ బంతి లేచేది కాదు. సెలవు దొరికితే మా శెనక్కాయ పీకేసిన చేన్లో సాధన. నాయన ఊరుకుంటాడా? "ఇట్లియ్యి" అని లాక్కుని ఒక్క విసురు విసిరాడు. బంతి చేను దాటి, గట్టు దాటి, బీడులో పడింది. గొర్రెలు చెల్లాచెదురయ్యాయి, కుక్క బంతి వెంట పరిగెత్తింది. గడపలో కూర్చున్న అవ్వ, "ఆ రొడ్డ చెయ్యి పిల్లకి గూడా నేర్పిస్తాండావేందిరా, నీ మొగం మండా!" అని చేటతో లేచింది. నాయన పట్టించుకోలేదు. "కొట్టొద్దు పాపా, ఇసిరెయ్. గొర్రి దారి తప్పితే రాయి ఇసురుతాం సూడు, అట్ల." అప్పటిదాకా ఆయన ఈ ఆట ఇంకెవరూ ఆడగా చూడలేదు. అందుకని ఇది రొడ్డోళ్ళ ఆటే అనుకున్నాడు. "లోకంలో మాకు గూడా ఒక ఆట పెట్టినారే!" అని ముదిగుబ్బ టీ బంకు దగ్గర అందరికీ చెప్పుకున్నాడు. నాకేమో నిజం చెప్పడానికి నోరు రాలేదు.

కంపెనీ పండగ రోజు గోల్ఫ్ పోటీ పెట్టి, ఇంట్లోవాళ్ళను పిలవమన్నారు. నాయన తెల్ల పంచె కట్టుకుని వచ్చాడు. టైబాబు కొట్టిన బంతి తుమ్మకంపలో పడింది. తర్వాత నా వంతు. నాయన చెప్పినట్టే, గొర్రె మీదికి రాయి విసిరినట్టు కట్టె విసిరాను. బంతి లేచింది, ఎండలో మాయమై దూరంగా పడి, ఎర్రమట్టి మీద దొర్లుకుంటూ పోయి జెండా పక్కన ఆగింది. పెద్దసారు చప్పట్లు కొట్టాడు. నేను గర్వంగా నాయన వైపు తిరిగాను. ఆయన నా బంతిని చూడటం లేదు, మిగతా వాళ్ళను చూస్తున్నాడు. అందరూ ఆ వైపు తిరిగి నిలబడ్డారు, నేనొక్కదాన్నే ఈ వైపు. దగ్గరికి పోతే మెల్లగా అన్నాడు. "పాపా, నేను తప్పు కట్టెలు కొనిచ్చినానా?"

అంతలోనే టైబాబు వచ్చాడు. ఆ రోజు ఆయన గొంతులో వెటకారం లేదు. "బాగా కొట్టారండీ మీ అమ్మాయి. పుట్టుకతోనే ఎడమచేతి వాటమటగా? చిన్నప్పుడు తాడుతో కట్టేశారట కూడా!" అన్నాడు. నాయన నా వైపు చూశాడు. నా కుడిచేతి వైపు చూశాడు. పలక మీద ఆ చెయ్యి పట్టుకుని అ ఆలు దిద్దించింది ఆయనే. కళ్ళలో నీళ్ళు తిరిగితే తువాలుతో తుడుచుకుని, నిటారుగా నిలబడి, టైబాబు ముందుకు తన ఎడమ చెయ్యి చాపాడు.

"అవును సార్" అన్నాడు. "మా ఇంటి చెయ్యి అది."

ఇప్పుడు నా జీతానికి కొత్త సెట్టు కొనడం కష్టమేమీ కాదు. మొన్న బెంగళూరులో ఒక షాపుకి పోతే, కుర్రాడు మర్యాదగా "మేడమ్, కుడిచేతికా, ఎడమచేతికా?" అని అడిగాడు. అన్నం తినేదీ, సంతకం పెట్టేదీ, పిల్లల జడలు వేసేదీ నా కుడి చెయ్యే. అయినా ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా "రొడ్డ" అనేశాను. ఆ అబ్బాయికి అర్థం కాలేదు. అన్నీ తెలుసనుకున్న ఆ పాతకాలపు పిల్ల మాత్రం నాలో ఎక్కడో కిసుక్కున నవ్వింది.