చచ్చిన బాబాయి దండ వేశాడు

ఈ రోజు నూజివీడులో మ్యాట్నీకి వెళ్లాం. గాల్లో ఎగిరే హీరో సినిమా. ఆగిరిపల్లిలో మా బాబాయి మామిడితోటలోనే కొంత షూటింగ్ చేశారు, బాబాయికి రౌడీ వేషం కూడా ఇచ్చారు. అందుకని పిన్ని ఇంటిల్లిపాదినీ బయల్దేరదీసింది.

హీరో తోటలో దిగేసరికి చెట్లన్నీ పూత మీదున్నాయి. ఒక రౌడీని చెట్టుకేసి కొట్టగానే పండిన రసాలు జలజలా రాలాయి. హీరో భుజాల మీది గుడ్డ ఎగిరేటప్పుడు ఎరుపు, దిగేటప్పుడు నీలం. ఇది తీసినవాళ్లకు కళ్లు లేవా, చూసేవాళ్లకు లేవనుకున్నారా?

తర్వాత హీరో మా బాబాయిని ఎత్తి బావిలో పడేశాడు. బాబాయి చచ్చాడు. వెంటనే ఊరి జనం వచ్చి హీరోని చుట్టుముట్టారు. అందరికంటే ముందు నిలబడి దండ వేసింది ఎవరనుకున్నారు? మా బాబాయే! కట్టుకున్న గళ్ల లుంగీ కూడా తడవలేదు.

హాలంతా గొల్లున నవ్వింది. నేను పిన్ని వైపు వంగి, "ఇప్పుడే గదా పిన్నీ బాబాయి చచ్చిపోయాడు?" అన్నాను.

పిన్ని పైటచెంగుతో కళ్లు తుడుచుకుంటోంది. "బావిలో పడేసినప్పుడు నా ప్రాణం పోయిందే. బతికొచ్చాడు, అది చాలు. నువ్వు నోరు మూసుకుని చూడు," అంది.

ఆవిడకు అవతలి కుర్చీలోనే బాబాయి జంతికలు నములుతున్నాడు!

రేపు బాపులపాడు నుంచి పిన్ని పుట్టింటివాళ్లు వస్తున్నారు. వాళ్లతో కలిసి ఈ చెత్త నేను మళ్లీ చూడాలట. తప్పించుకునే ఉపాయం ఉంటే చెప్పండి. జ్వరం అని మాత్రం చెప్పకండి, అది ఇందాకే చెప్పి చూశాను.