ముడత తెగులు పాఠంలో నా ఫోటో

ముందు నా మొహం చూసి నవ్వడం ఆపండి. ఆపితే చెబుతాను. ఇంటర్నెట్లో నా ఫోటో ఉందనీ, దాని కింద ఏదో రాసి ఉందనీ ఈపాటికి మీకు ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. చెప్పకపోతే రేపు చెబుతారు. అందుకే నా నోటితో నేనే చెబుతున్నాను. టీ తాగుతూ వినండి. మధ్యలో అడ్డు రావద్దు, నాకు నచ్చదు.

నేను చదివింది ఏడో తరగతి. కానీ క్రమశిక్షణ విషయంలో ఎవరికీ తీసిపోను. నాలుగున్నరకి లేస్తాను, అయిదున్నరకి చేలో ఉంటాను. పర్చూరు దారిలో ఉన్న మా మూడెకరాల మిరప తోట గట్ల మీద గడ్డిపోచ కూడా కనపడదు. చేను చూస్తే మనిషి ఎలాంటివాడో తెలుస్తుందని పాలకేంద్రం దగ్గర పది మందికీ చెబుతుంటాను. వాళ్ళు అడక్కపోయినా చెబుతాను.

ఫోను విషయంలోనూ అంతే. అవసరమైనంత మాట్లాడాలి, పెట్టెయ్యాలి. గంటలు గంటలు ఫోను పట్టుకుని వేలాడేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

సరిగ్గా అక్కడే మునిగాను.

మా అక్క కూతురు హైమ చీరాలలో ఒక డిగ్రీ కాలేజీలో బోటనీ చెబుతుంది. టెంపరరీ ఉద్యోగం. కిందటి కార్తీక మాసంలో ఒక బుధవారం ఫోను చేసింది.

"మామయ్యా, మా కాలేజీలో పాఠాలన్నీ కంప్యూటర్లో పెడుతున్నారు. పిల్లలు ఇంటర్నెట్లో చూసి చదువుకుంటారన్నమాట. నాకు మిరప మీద పాఠం ఇచ్చారు. ఫోటోలు కావాలి. ఆదివారం మీ తోటకి వస్తాను. ఏం ఫోటోలంటే..."

"మిరప ఫోటోలేగా! రా అమ్మా, తోట నీదే!" అని పెట్టేశాను.

అర నిమిషం కూడా పట్టలేదు. మా ఆవిడతో గొప్పగా కూడా చెప్పాను, "చూశావా, ఫోను ఇలా మాట్లాడాలి" అని.

ఇంటర్నెట్లో అంటే ప్రపంచమంతా చూస్తుంది గదా! నా తోట పరువు, మా ఊరి పరువు! గురువారం పొద్దున్నే కూలీల పెద్ద మంగమ్మని పిలిచి ఎనిమిది మందిని పెట్టించాను. ఆకు ముడత కనపడిన మొక్కని వేళ్ళతో సహా పీకమన్నాను. మచ్చ ఉన్న ఆకు తుంచమన్నాను. కుళ్ళిన కాయ ఒక్కటి కనపడితే ఊరుకోనన్నాను. నేను వెనకే నడుస్తూ సాలు సాలూ చూశాను.

"ఏం బాబాయ్, తోటకి పెళ్ళిచూపులా?" అంది మంగమ్మ.

"నవ్వు, నవ్వు. జపాన్ వాడు కూడా చూస్తాడే ఈ తోటని!"

"చూస్తే చూశాడు గానీ, వాడొచ్చి ఈ గంప ఎత్తుతాడా?"

రెండు రోజులు పట్టింది. పీకినదంతా చేను చివర పోగు పెట్టించి తగలబెట్టాను. తెగులు మొక్కని గట్టున పారేసి పోయేవాడు పక్క రైతుకి ద్రోహం చేసినట్టే. ఇది నేను ముప్పై ఏళ్ళుగా చెబుతున్న మాట. ఈ మాట గుర్తుపెట్టుకోండి, ముందు ముందు పనికొస్తుంది. శనివారం మోటారు కొట్టుకి సున్నం కూడా వేయించాను.

"మొక్కలకి తల కూడా దువ్వుతారా?" అంది మా ఆవిడ.

ఆదివారం ఎనిమిది గంటల బస్సుకి హైమ దిగింది. మెడలో కాలేజీ వాళ్ళ కెమెరా. సోమవారం పదింటికల్లా అది ప్రిన్సిపాల్ టేబుల్ మీద ఉండాలట. నేను ఇస్త్రీ చొక్కా వేసుకుని, మీసం దువ్వుకుని, ముందు నడిచాను. మూడెకరాలూ తిప్పాను. పిల్ల నోట మాట లేదు. సాళ్ళలోకి వంగి చూస్తుంది, ఆకు తిప్పి చూస్తుంది, లేచి ఇంకో సాలులోకి పోతుంది. తోట అందానికి మాట పడిపోయిందనుకున్నాను.

"ఎలా ఉందమ్మా?" అన్నాను.

"చాలా బాగుంది మామయ్యా," అని గట్టు మీద కూలబడి ఏడవడం మొదలుపెట్టింది.

ఏమైందమ్మా అని నేనూ పక్కన కూర్చున్నాను.

"నాకు ఇచ్చింది మిరప తెగుళ్ళ పాఠం మామయ్యా! ముడత కావాలి, బూడిద తెగులు కావాలి, కాయకుళ్ళు కావాలి. దసరాకి వచ్చినప్పుడు కాలవ పక్కన నాలుగు సాళ్ళు ముడత చూశాను గదా, అందుకే ఇక్కడికి వచ్చాను. అవేవి?"

"తగలబెట్టాను."

"అయ్యో! నేను ఫోనులో చెబుతూనే ఉన్నాను గదా!"

"ఆ ముక్క ముందు చెప్పాలి!" అన్నాను. కోపం వచ్చింది మరి. అసలు సంగతి చివర్లో చెప్పడం ఏం పద్ధతి? చదువుకున్నవాళ్ళకి ఆ మాత్రం తెలియదా?

"రెండో మాటకే మీరు పెట్టేశారు మామయ్యా," అంది కళ్ళు తుడుచుకుంటూ.

అప్పుడు విషయం చెప్పింది. రేపటికల్లా ఫోటోలతో పాఠం ఇవ్వాలట. ఇచ్చినవాళ్ళనే వచ్చే ఏడాది ఉంచుతారట. పుస్తకంలో బొమ్మలు పెట్టుకోకూడదా అన్నాను. ఒకళ్ళ బొమ్మ ఇంకొకళ్ళు ఎత్తుకోకూడదు, అది దొంగతనం అన్నారట. ఆ మాట మాత్రం నాకు నచ్చింది.

సరే, తప్పు ఎవరిదైనా పిల్ల ఉద్యోగం పోకూడదు. ఊళ్ళో తెగులుకి కరువా అనుకుని హైమని వెంటబెట్టుకుని బయల్దేరాను. ముగ్గురు రైతుల్ని అడిగాను. ముగ్గురూ ఒకటే మాట. "మా చేలో తెగులా? ఎవరన్నారు?" అందులో ఒకాయన చేను దూరం నుంచి చూస్తేనే తెలుస్తుంది, సగం ముడుచుకుపోయి ఉంది. అదే చెబితే మీద పడ్డాడు. "మొన్న పాలకేంద్రం దగ్గర నువ్వేమన్నావు? తెగులు ఉంచుకున్నవాడు రైతే కాదన్నావు. ఇప్పుడు ఆ సంగతి నా ఫోటో వేసి ఇంటర్నెట్లో చెప్పిస్తావా?"

ఇక మిగిలింది ఒకే ఒక్కడు. పేరు చెప్పను. మాటిచ్చాను. మా చేనుకి తూర్పు గట్టు ఆయన అనుకోండి. మీలో ఈ ఊరివాళ్ళు ఉంటే ఆలోచించకండి.

ఆయనకీ నాకూ రెండు నెలలుగా మాటల్లేవు. తెగులంతా ఆయన చేలోంచే నా చేలోకి వస్తోందని నలుగురిలో అరిచాను. అది చేను కాదు ఆసుపత్రి అని కూడా అన్నాను. అలాంటివాడి దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. ఆయన మంచం మీద నుంచి లేవలేదు.

"ఏం బావా, ఆసుపత్రికి వచ్చావే? ఒంట్లో బాగాలేదా?"

"నాలుగు ముడత మొక్కలు కావాలి."

"నాలుగు చాలా? పెళ్ళిళ్ళకి పంచేటంత ఉంది నా దగ్గర. ఇంతకీ ఎందుకు?"

చెప్పాను. నవ్వాడు చూడండి, మంచం కిర్రుకిర్రుమంది! అరగంట కూర్చోబెట్టి, నేను ఆయన్ని అన్న మాటలన్నీ ఒక్కొక్కటీ నాకే అప్పజెప్పాడు. పిల్ల మొహం చూసి ఓర్చుకున్నాను. చివరికి రెండు షరతులు పెట్టాడు. ఒకటి, కెమెరా ఆయన చేలో అడుగు పెట్టకూడదు, మొక్కలు ఆయనే పీకి గోతంలో వేసిస్తాడు. రెండు, ఆ మొక్కలు ఎవరి చేలోవో నేను ఎవరికీ చెప్పకూడదు.

"మాటేనా?" అన్నాడు.

"మాటే," అన్నాను.

గోతం భుజాన వేసుకుని మా తోటకి వచ్చాం. మొక్కల్ని సాలులో గుచ్చి తీద్దామా మామయ్యా అంది హైమ. ససేమిరా అన్నాను. నా చేలో లేనిది ఉన్నట్టు చూపించడం అబద్ధం! పిల్లలకి పాఠం అబద్ధంతో చెబుతారా? చేత్తో పట్టుకుంటాను తీసుకో అన్నాను. ఎంత నీతిగా ఆలోచించానో చూడండి. పై ముడత ఒకటి, కింద ముడత ఒకటి, బూడిద తెగులు ఒకటి, కుళ్ళు కాయలు ఒక గుప్పెడు. అన్నీ పట్టుకుని నా తోట ముందు నిలబడ్డాను.

"మామయ్యా, ఈ ఒక్కదాంట్లో మీ మొహం కూడా వస్తుంది. నవ్వకండి."

"నేనెప్పుడు నవ్వాను?"

మధ్య మధ్యలో తెగుళ్ళు ఎందుకు వస్తాయని అడిగింది. నేను నిలబడే అరగంట చెప్పాను. పిల్ల పుస్తకంలో రాసుకుంది.

ఇంతలో గడియారం చూస్తే మూడూ నలభై. నాలుగింటికి చీరాల బస్సు. బస్సు కోసం మనం ఉండాలి గానీ మన కోసం బస్సు ఉండదు గదా. గోతం తూర్పు గట్టు మీద అలాగే పెట్టి, పిల్లని పరుగెత్తించి రోడ్డు మీదికి తీసుకెళ్ళాను. బస్సు అయిదుంబావుకి వచ్చింది! ఆ డ్రైవరుకి, కండక్టరుకి కాలం విలువ గురించి చెప్పేసరికి హైమని ఎక్కించుకుని బస్సు వెళ్ళిపోయింది, నా గొంతు పోయింది. మర్నాడు పొద్దున్నే నరసరావుపేటలో మా బావమరిది గృహప్రవేశం. అక్కడ మూడు రోజులు.

గోతం? గట్టు మీదే. మేకలు లాగి, మొక్కల్ని సాళ్ళలో ఆ చివర నుంచి ఈ చివరకి పరిచాయి. నాలుగో రోజు వచ్చి చూస్తే అన్నీ ఎండిపోయి ఉన్నాయి. ఏరి తగలబెట్టాను, పని అయిపోయిందనుకున్నాను. మొక్క ఎండితే దాని మీద ముడత తెచ్చే పురుగు పచ్చగా ఉన్న పక్క మొక్క చూసుకుంటుందని నాకు తెలుసు. తెలిసి కూడా ఆలోచించలేదు.

మూడు వారాలు గడిచాయి. పర్చూరులో పురుగుమందుల కొట్టుకి వెళ్ళాను. కొట్టు శేషయ్య నన్ను చూడగానే లేచి నిలబడి, "అయ్యో రాఘవయ్య గారూ, తోట అంతా పోయిందటగా! చెప్పనైనా చెప్పలేదే, మందు ఇచ్చేవాణ్ణి గదా!" అన్నాడు.

ఆయన కూతురు హైమ కాలేజీలోనే చదువుతుంది. పాఠాన్ని కంప్యూటర్లోంచి ప్రింటు తీసి తెచ్చుకుంది. ఆ కాగితం నా చేతిలో పెట్టాడు. నా ఫోటో! ఇస్త్రీ చొక్కా, మీసం, చేతిలో ముడత మొక్క, వెనక నా తోట. కింద ఏం రాశారో తెలుసా? "ముడత తెగులు సోకిన మిరప తోట. రైతు: రాఘవయ్య." దాని కింద "తెగులు రావడానికి కారణాలు" అని మూడు. ఒకటి, గట్ల మీద కలుపు ఉంచడం. రెండు, రైతు రోజూ చేను చూసుకోకపోవడం. మూడు, తెగులు మొక్కలను పీకి తగలబెట్టకుండా గట్టున వదిలేయడం.

అవి నా మాటలండీ! నేను నిలబడి చెప్పిన మాటలు! నా మొహం కిందే పెట్టారు!

అక్కడి నుంచే హైమకి ఫోను చేశాను. "ఆ కింద రాసింది నేను కాదు మామయ్యా, మా కంప్యూటర్ సారు," అంది. "ఫోటోలో రైతు ఉన్నాడు, చేతిలో తెగులు ఉంది, వెనక తోట ఉంది. ఆయన అలాగే అనుకున్నారు."

"మార్చమను ఇప్పుడే!"

"తెలుగు అక్షరాలు అన్ని కంప్యూటర్లలోనూ రావడం లేదని పేజీ అంతా ఒక బొమ్మలా చేసి పెట్టారు. ఒక్క ముక్క మార్చాలన్నా మొత్తం మళ్ళీ చేయాలి. నెల పడుతుంది. కానీ మామయ్యా, పాఠం అందరికీ నచ్చింది. నన్ను వచ్చే ఏడాదికి ఉంచారు!"

సంతోషమే. కానీ నెల! ఒక అబద్ధం నెల రోజులు ప్రపంచం మీద తిరుగుతుందా? ఆ మొక్క ఎవరిదో చెప్పి బయటపడదామంటే మాటిచ్చాను. కొట్టులో ఉన్న నలుగురైదుగురు రైతులు నా వంక జాలిగా చూస్తున్నారు. జాలి! నా మీద!

ఒళ్ళు తెలియలేదు. "ఇప్పుడే పదండి మా తోటకి! ఒక్క ముడత ఆకు చూపించండి, మీసం తీయించేస్తాను!" అన్నాను.

ఒకడు చాలడా, అయిదుగురు వచ్చారు. శేషయ్య కొట్టు మూసి మరీ వచ్చాడు. నేను పొద్దున తోటకి వెళ్ళినప్పుడు పడమటి వైపు నీళ్ళు పెట్టి వచ్చేశాను, తూర్పు సాళ్ళు చూడలేదు. అసలు నాలుగు రోజులుగా చూడలేదు. చూడాల్సిన అవసరం ఏముంది, నా తోటే గదా! గోతం పెట్టిన చోటు నుంచి పన్నెండు సాళ్ళు. ఒక్కో ఆకు పడవలా పైకి ముడుచుకుని ఉంది.

శేషయ్య ఒక ఆకు తుంచి నా చేతిలో పెట్టాడు. తూర్పు గట్టు మీద నిలబడి ఒకాయన, "బావా, ఆసుపత్రి బ్రాంచి పెట్టావా?" అన్నాడు.

మాట మాటే. సాయంత్రానికి మంగలి దగ్గర కూర్చున్నాను. మర్నాడు ఇద్దరు ఇంటికి వచ్చి, ఎవరు పోయారు అని మా ఆవిడని పరామర్శించారు. ఆవిడ లోపలికి పోయి నవ్వుకుంది.

నిన్న హైమ ఫోను చేసింది. "మామయ్యా, కంప్యూటర్ సారు ఖాళీగా ఉన్నారు. ఆ పేజీ మళ్ళీ చేస్తామన్నారు. మీ ఫోటో కింద రాసింది మార్పిస్తాను. ఏం రాయమంటారు?"

ఈసారి ఫోను పెట్టలేదు. పూర్తిగా విన్నాను. ఇంకేమైనా చెప్పాలా అని రెండుసార్లు అడిగాను కూడా. ఆ మూడు కారణాలూ మళ్ళీ చదివి వినిపించమన్నాను. చదివింది. రెండోది, మూడోది అక్షరాలా నేను చేసినవే.

"రాసిందంతా సరిగ్గానే ఉందమ్మా," అన్నాను. "దాన్ని ముట్టుకోవద్దను. ఫోటోయే తప్పు. వచ్చి, మీసం లేకుండా ఇంకొకటి తీసుకో."