ఐదు వేళ్ల ఇల్లు

మా బిడ్డకు రెండేళ్ల వయసులో కథంటే నా కుడిచెయ్యే. పటాన్‌చెరు ఫ్యాక్టరీలో పొద్దటి షిఫ్టు దిగి, సైకిల్ మీద ముత్తంగికి వచ్చి కాళ్లు కడుక్కునే లోపే చాప ఈడ్చుకొచ్చి పరిచేది. నేను గోడకు ఆనుకుని కూర్చోగానే ఒళ్లో ఎక్కి నా అరచెయ్యి విప్పేది. బొటనవేలు తాత. చూపుడువేలు అందరినీ కసిరే నాయిన. నడిమివేలు పొడుగు చిన్నాయిన. ఉంగరపు వేలు అమ్మ. చిటికెన వేలు తను. ఆ ఇంట్లో రోజూ ఒకటే పంచాయితీ, రొట్టె ఎవరు తిన్నారని. నాయిన కసరగానే చిటికెన వేలు పారిపోయి, బిడ్డ పొట్ట మీదుగా పాకి చంకలో దూరేది. కిలకిలా నవ్వి, "మల్ల చెప్పు" అనేది.

తర్వాత కొన్నాళ్లకే ప్రెస్ మిషన్ కింద నా చూపుడువేలు, నడిమివేలు పోయాయి. పని జల్దీ అవుతుందని, చెయ్యి లోపలికి పోకుండా అడ్డంగా ఉండే జాలీని తీగతో పక్కకు కట్టేసింది నేనే. వద్దన్నవాళ్ల మీద ఎగిరిపడ్డాను కూడా. చేజేతులా చేసుకున్నది ఎవరికి చెప్పుకుంటాం?

కట్టు విప్పాక ఆ చెయ్యి చూసుకోవాలంటే నాకే సిగ్గేసేది. ఇంట్లో కూడా తువ్వాలు చుట్టుకుని తిరిగేవాణ్ని. బిడ్డ చాప పరిస్తే ఎడమచెయ్యి చాపాను. దాన్ని తోసేసి తువ్వాలు గుంజబోయింది. నాకు ముందే ముక్కు మీద కోపం. గట్టిగా కసిరాను. ఏడవలేదు. లేచి వాళ్లమ్మ దగ్గరికి పోయింది. ఆ రోజు నుంచి నన్ను కథ అడగలేదు. మొండి వేళ్లు చూసి జడుసుకునేకన్నా ఇదే నయమని నాకు నేను చెప్పుకున్నాను.

"ఎన్ని దినాలు దాస్తవయ్యా? అది మన బిడ్డ, చుట్టం కాదు," అంది మా ఆవిడ.

"నీ పని నువ్వు సూస్కో," అన్నాను.

ఒక సాయంత్రం లోపలికి వస్తూ గడప దగ్గరే ఆగిపోయాను. బిడ్డ చాప మీద కూర్చుని, ఒళ్లో బొమ్మకు కథ చెబుతోంది. ఎడమచేత్తో తన కుడిచేతి చూపుడువేలు, నడిమివేలు కిందికి మడిచి పట్టుకుంది. పట్టు జారితే అవి లేస్తున్నాయి. మళ్లీ మడుస్తోంది.

వంటింట్లోంచి వాళ్లమ్మ అడిగింది. "గా రెండు ఎందుకు మలిచినవ్ బిడ్డా?"

"నాయినయి గిట్లనే ఉంటయ్. పండుకున్నప్పుడు సూసిన."

"మరి నాయిననే కథ చెప్పమను."

"వద్దు. నాయినకు సిగ్గు."

నాకు తల కొట్టేసినట్టయింది. తువ్వాలు విప్పి, తల వంచుకునే వెళ్లి చాప మీద కూర్చున్నాను. బొమ్మను పక్కన పడేసి ఒళ్లో ఎక్కింది. నా చెయ్యి తీసుకుని, "రొట్టె ఎవలు తిన్నరు?" అంది.

ఆ ఇంట్లో ఇప్పుడు కసిరే నాయిన లేడు. చిటికెన వేలికి పారిపోవలసిన పనే లేదు. అయినా వెళ్లి బిడ్డ చంకలో దూరింది.